తరవాణి కుండ నుంచి పెన్సిలిన్ ట్యాంకు దాకా: అపోహలు, వాస్తవాలు

ఇరవై రెండేళ్ళుగా ఫెర్మెంటేషన్ ప్లాంట్లలో పనిచేస్తున్నాను. పెద్ద స్టీలు ట్యాంకుల్లో బూజునీ బ్యాక్టీరియానీ పెంచి, వాటి చేత మందులూ ఎంజైములూ తయారు చేయించడం మా పని. ఈ సంగతి తెలిసినవాళ్ళు పెళ్ళిలో కనబడినా, అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర కనబడినా, ఫోన్‌లో వచ్చిన మెసేజ్ ఏదో చూపించి "ఇది నిజమేనా అండీ?" అని అడుగుతారు. నిలబడి రెండు నిమిషాల్లో చెబితే సగమే అర్థమవుతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి చెప్పాలి. తిండి, తడి ఉన్న ఏ పాత్రలోకైనా రకరకాల సూక్ష్మజీవులు వచ్చి చేరతాయి. ముందుగా పెరిగి చోటు ఆక్రమించుకున్నదే ఆ పాత్రకు యజమాని. పాలలో తోడు వేయడమంటే, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టు, మనకు కావలసిన బ్యాక్టీరియాకు చోటు పట్టిపెట్టడమే. అవి పుల్లటి ఆమ్లాన్ని వదులుతాయి, ఆ పులుపులో మిగతావి చాలావరకు పెరగలేవు. కుళ్ళడం, మురగడం, ముక్కడం, పులియడం అని మనవాళ్ళు వేరువేరు మాటలు పెట్టుకున్నది ఊరికే కాదు. ఏ పాత్రను ఎవరు ఆక్రమించారో ముక్కుతో పసిగట్టి పెట్టిన పేర్లవి.

అపోహ: చద్దన్నంలో ఇనుము రాత్రికి రాత్రే ఇరవై రెట్లు పెరుగుతుంది

ఏటా ఎండాకాలం రాగానే తిరిగే మెసేజ్ ఇది. చద్దన్నం అంటే నాకు చాలా ఇష్టం. మా అమ్మమ్మ ఇంట్లో తరవాణి కుండ ఉండేది, దాని పులుపు ఇప్పటికీ నాలుక మీద ఉంది. అయినా ఈ మాట మాత్రం నిజం కాదు.

ఇనుము ఒక మూలకం. సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగానో ఆల్కహాలుగానో మార్చగలవు కానీ, లేని ఇనుమును పుట్టించలేవు. రాత్రి గిన్నెలో ఎంత ఉందో పొద్దున కూడా అంతే ఉంటుంది. పాత్రలోంచో నీళ్ళలోంచో దిగితే తప్ప పెరగదు. వంద గ్రాముల మామూలు తెల్లన్నంలో ఉండే ఇనుము ఒక మిల్లీగ్రాముకు తక్కువే. అది ఇరవై రెట్లు అయిందని ఎక్కడ రాసి ఉన్నా, కొలతలో ఏదో పొరపాటు జరిగిందనే నేను అనుకుంటాను.

ఇందులో నిజం కూడా కొంత ఉంది. దంపుడు బియ్యం, రాగులు, సజ్జల్లో ఫైటేట్ అనే పదార్థం ఇనుమునూ జింకునూ గట్టిగా పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు. పిండిని పులియబెట్టినప్పుడు ఫైటేజ్ అనే ఎంజైము ఆ పట్టును కొంత విడగొడుతుంది. ఇనుము పెరగదు కానీ, ఉన్నది మరికాస్త ఒంటికి పడుతుంది. పులియబెట్టిన రాగి అంబలికి ఈ లాభం ఉంది. తెల్లన్నంలో ఫైటేట్ మొదటే తక్కువ కాబట్టి దానికి ఈ లాభమూ తక్కువే. తిండిలో ఇనుము నిజంగా పెరగాలంటే చింతపండు పులుసును ఇనుప మూకుడులో కాచండి. పులుపుకు ఆ లోహం కొంత కరిగి కూరలోకి వస్తుంది.

ఇంత సాగదీసి చెప్పడానికి కారణం ఉంది. మా బంధువుల్లో ఒకమ్మాయి గర్భిణిగా ఉన్నప్పుడు, చద్దన్నం తింటున్నాను కదా అని ఐరన్ మాత్రలు మానేసింది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ బాగా పడిపోయి ఉంది. ఆ మెసేజ్‌లోనే ఉండే, చద్దన్నంతో విటమిన్ బి12 వస్తుందన్న మాట కూడా ఇలాంటిదే. బి12ను కొన్ని రకాల బ్యాక్టీరియా, వాటిలా కనిపించే ఆర్కియా అనే సూక్ష్మజీవులే తయారు చేయగలవు. అన్నాన్ని పులియబెట్టే మామూలు లాక్టిక్ బ్యాక్టీరియాలో ఎక్కువ వాటికి ఆ విద్య రాదు. మాంసం, గుడ్లు తినని వాళ్ళు బి12 కోసం చద్దన్నాన్ని నమ్ముకోకండి. పాలు, పెరుగులో కొంత ఉంటుంది. చాలకపోతే డాక్టరు రాసిన మాత్రలు వేసుకోండి. చద్దన్నం రుచి కోసం, చలవ కోసం తినండి. అంతకన్నా కారణం ఎందుకు?

అపోహ: మళ్ళీ బాగా వేడి చేస్తే ఏదైనా చచ్చిపోతుంది

చద్దన్నం మాట వచ్చింది కాబట్టి దీన్నీ చెప్పేయాలి. బియ్యంతో పాటు బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పొలం మట్టి నుంచే వంటింట్లోకి వస్తుంది. కష్టకాలం వస్తే అది గట్టి కవచం కట్టుకుని స్పోర్‌గా మారి నిద్రపోతుంది. అన్నం ఉడికే వేడికి ఆ స్పోర్లు చావవు. గంజి వార్చి గిన్నెను గట్టు మీద వదిలేస్తే, అన్నం గోరువెచ్చగా అయ్యేసరికి అవి మేలుకుని పెరుగుతాయి. అప్పుడు వాంతులు తెప్పించే విషం తయారవుతుంది. ఆ విషం బ్యాక్టీరియా కన్నా మొండిది, మళ్ళీ వేడి చేసినా పోదు. మధ్యాహ్నం అన్నాన్ని రాత్రి ఫ్రైడ్ రైస్ చేసుకుని తిన్నాక, కొన్ని గంటల్లోనే వాంతులు మొదలయ్యాయంటే నాకు ముందు దీని మీదే అనుమానం.

అందుకే మిగిలిన అన్నాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. చద్దన్నం చేయదలిస్తే గోరువెచ్చగా ఉన్నప్పుడే మజ్జిగో పెరుగో తోడు వేయండి. లాక్టిక్ బ్యాక్టీరియా ముందు చోటు పట్టి పీహెచ్‌ను (పులుపు కొలత, ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.5 దరిదాపులకు దించితే ఈ బాసిల్లస్ పెరగడం కష్టం. ఒట్టి నీళ్ళు పోసి పెట్టినదాని కన్నా తోడన్నాన్ని నేను ఎక్కువ నమ్మేది ఇందుకే.

ఈ స్పోర్ల సంగతిని 1876లో ఫెర్డినాండ్ కోన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఎండుగడ్డి కషాయంలో కనిపెట్టాడు. ఎంత కాచినా అందులో మళ్ళీ బ్యాక్టీరియా ఎలా పుడుతుందో అప్పుడు అర్థమైంది. మా ప్లాంటులో ట్యాంకుల్ని నూరు డిగ్రీల దగ్గర ఆపకుండా 121 డిగ్రీల ఆవిరితో స్టెరిలైజ్ చేయడానికి కారణం కూడా ఈ స్పోర్లే.

అపోహ: ఇడ్లీ పిండి చేత్తో కలిపితేనే పొంగుతుంది

"ఆవిడ చేతి గుణం" అంటారు. చేతి మీద ఉండే సూక్ష్మజీవులే పిండిని పులియబెడతాయని చదువుకున్నవాళ్ళు కూడా చెబుతుంటారు. ఇడ్లీ పిండి మీద 1965లోనే అమెరికాలో పరిశోధన జరిగింది. పిండిని పొంగించేది ప్రధానంగా లూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బ్యాక్టీరియా అనీ, పులియబెట్టేవి ముఖ్యంగా మినపప్పుతోనే వస్తాయనీ అందులో తేలింది. ఈ బ్యాక్టీరియా చక్కెరను తిని పులుపుతో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా వదులుతుంది. మినపప్పులోని జిగురు, మాంసకృత్తులు ఆ గాలి బుడగల్ని పట్టి ఉంచుతాయి. ఒట్టి బియ్యప్పిండి పులుస్తుంది కానీ అలా పొంగదు. బుడగను ఆపే జిగురు దానికి లేదు.

గరిటెతో కలిపినా పొంగుతుంది. చేతి వెచ్చదనం చలికాలంలో కాస్త సాయం చేస్తుందేమో, అంతే. డల్లాస్‌లోనో లండన్‌లోనో ఉన్న మనవాళ్ళు ఓవెన్‌లో లైటు వేసి పిండి గిన్నెను అందులో పెడతారు. చాలా సరైన పని. మేం ఫెర్మెంటర్ (పులియబెట్టే ట్యాంకు) చుట్టూ వేడినీటి జాకెట్ కట్టేది కూడా ఇందుకే.

ఇంకొకటి. ఇడ్లీ తింటే మంచి బ్యాక్టీరియా కడుపులోకి వెళుతుందనేది తప్పు. ఆవిరికి అవి చనిపోతాయి. వాటి వల్ల వచ్చిన మెత్తదనం, పులుపు, తేలిగ్గా అరగడం మాత్రం మనకు మిగులుతాయి. బతికున్నవి కావాలంటే పెరుగు తినండి.

అపోహ: పాశ్చర్ పాల కోసం పాశ్చరైజేషన్ కనిపెట్టాడు

ఆయన 1860లలో దాన్ని కనిపెట్టింది ఫ్రాన్స్‌లో వైన్ చెడిపోకుండా ఉండడానికి. పాలకు వాడడం తరవాతి సంగతి. ప్యాకెట్ పాలను సాధారణంగా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచుతారు. రోగాలు తెచ్చేవి అందులో చస్తాయి, స్పోర్లు చావవు. పాశ్చరైజ్ చేసినా ఫ్రిజ్ ఎందుకని అడిగేవాళ్ళకు జవాబు ఇదే.

అపోహ: తాటిచెట్టు నుంచి కల్లు కారుతుంది

చెట్టు నుంచి కారేది ఒట్టి తియ్యటి రసం. ఆల్కహాలు చెట్టుకు కట్టిన లొట్టిలో పుడుతుంది. నిన్నటి లొట్టికి అంటుకుని ఉన్న ఈస్టు, బ్యాక్టీరియా, బొట్టు పడిన క్షణం నుంచీ పని మొదలుపెడతాయి. కొన్ని గంటల్లోనే అది కల్లు అవుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ క్షారంలో ఇవి పెరగలేవు, రసం తియ్యగానే ఉంటుంది. అదే నీరా. గీత కార్మికులు పీహెచ్ అన్న మాట వినకముందే దాన్ని ఇంత బాగా వాడుకున్నారంటే నాకు వాళ్ళ మీద గొప్ప గౌరవం.

మత్తుకు కారణం ఈస్టు ఒక్కటే కాదు. కల్లులో జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా కూడా ఉంటుంది. మెక్సికోలో కిత్తనార జాతి మొక్కల రసంతో చేసే పుల్కేలోనూ ఇది ఉంటుంది. చక్కెరను ఆల్కహాలుగా మార్చడంలో ఈస్టు కన్నా ఇది చురుకైనది. అందుకే ఇంధన ఆల్కహాలు కోసం దీని మీద చాలా పని జరిగింది. సాయంత్రానికి గాలి తగిలి వేరే బ్యాక్టీరియా చేరి కల్లును వెనిగర్ వైపు లాగుతుంది.

కల్తీ కల్లు మాత్రం వేరే సంగతి. క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపినదానికీ పులియడానికీ ఏ సంబంధమూ లేదు. అది విషం. దానికి అలవాటుపడినవాళ్ళు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, కాబట్టి ఆసుపత్రిలోనే మాన్పించాలి.

అపోహ: ఫ్లెమింగ్ పెన్సిలిన్ కనిపెట్టాడు, ప్రపంచానికి మందు దొరికింది

పాఠ్యపుస్తకంలో కథ ఇక్కడే ఆగిపోతుంది. మా వృత్తిలో ఉన్నవాళ్ళకు అసలు కథ అక్కడే మొదలవుతుంది.

1928లో లండన్‌లో ఫ్లెమింగ్ బూజు చుట్టూ బ్యాక్టీరియా చనిపోవడం చూశాడు. కానీ ఆ పదార్థాన్ని శుద్ధి చేసి నిలవ ఉంచడం కుదరలేదు. పదేళ్ళ తరవాత ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ అనే శాస్త్రవేత్తలు ఆ పని ఎత్తుకున్నారు. 1940 మేలో ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ ఎక్కించి, నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చారు. ఆ నాలుగే బతికాయి. 1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు కానిస్టేబుల్‌కు ఇచ్చారు. ఆయన కోలుకోవడం మొదలైంది. కానీ మందు అయిపోయింది. ఆయన మూత్రంలోంచి పెన్సిలిన్‌ను మళ్ళీ తీసి ఎక్కించారు, అదీ చాలలేదు. మార్చిలో చనిపోయారు. మందు ఉండి కూడా సరిపడా లేక ఒక మనిషి పోయాడు. ఫెర్మెంటేషన్ అంటే ఏమిటని కొత్తగా చేరిన పిల్లలు అడిగితే నేను మొదట చెప్పేది ఈ సంగతే.

సమస్య ఏమిటంటే, బూజు ద్రవం పైన చాపలా పెరిగేది. ఎంత వెడల్పు పళ్ళెం ఉంటే అంతే మందు. ఆ ఏడాదే అమెరికాలోని పియోరియా ప్రయోగశాలలో పని మొదలైంది. మొక్కజొన్న గంజి పరిశ్రమలో మిగిలిపోయే నానబెట్టిన నీళ్ళను బూజుకు మేతగా పెడితే దిగుబడి ఒక్కసారిగా పెరిగింది. 1943లో ఒక బూజుపట్టిన కర్బూజా పండు మీద ఇంకా మంచి రకం బూజు దొరికింది. దాన్ని ద్రవం లోపలే మునిగి పెరిగేలా లోతైన ట్యాంకుల్లో పెంచారు. 1944లో బ్రూక్లిన్‌లో ఫైజర్ ఒక్కోటి 7,500 గ్యాలన్లు పట్టే 14 ట్యాంకులతో ఉత్పత్తి మొదలుపెట్టింది.

లోతైన ట్యాంకు అని తేలిగ్గా రాశాను కానీ, అందులోనే కష్టమంతా ఉంది. లీటరు నీటిలో కరిగే ఆక్సిజన్ సుమారు 8 మిల్లీగ్రాములే. పెరుగుతున్న బూజు దాన్ని చూస్తుండగానే పీల్చేస్తుంది. కాబట్టి రోజుల తరబడి, క్షణం ఆగకుండా, ఒక్క క్రిమి కూడా లేని గాలిని పంపుతూ కలుపుతూనే ఉండాలి. నేను మొదట పనిచేసిన ప్లాంటులో ఒక రాత్రి షిఫ్టులో, బ్యాచ్ ఐదో రోజున, కరిగిన ఆక్సిజన్‌ను చూపే గ్రాఫు గీత ఉన్నట్టుండి పడిపోయింది. శాంపిల్ తీసి మైక్రోస్కోపు కింద పెడితే బూజు పోగుల మధ్య సన్నటి కడ్డీల్లా బ్యాక్టీరియా ఈదుతోంది. ఒక వాల్వు రబ్బరు వాషరు చిట్లింది, అంతే. తెల్లారేసరికి ట్యాంకు మొత్తాన్ని ఆవిరితో చంపి వ్యర్థాల శుద్ధికి పంపించాం. ఐదు రోజుల పని, వేల లీటర్ల మందు. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది.

ఈ చరిత్రలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు కూడా ఉన్నారు. ఆయన అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనలకు సారథ్యం వహిస్తుండగా, అక్కడి బెంజమిన్ డగ్గర్ మిస్సోరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది అదే. 1948లో అది బయటికొచ్చింది, ఆ ఏడాదే సుబ్బారావుగారు కన్నుమూశారు.

పెన్సిలిన్-జి ఇప్పటికీ ట్యాంకుల్లో బూజు చేసేదే. చవగ్గా వచ్చే చైనా సరుకుతో పోటీ పడలేక మన దేశంలో దాని తయారీ చాలా ఏళ్ళు ఆగిపోయింది. 2024లో కాకినాడ జిల్లాలో కొత్త ప్లాంటు మొదలైందని చదివినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో మాటల్లో చెప్పలేను.

అపోహ: జన్యువు మార్చిన సూక్ష్మజీవుల నుంచి వచ్చిన మందు సహజం కాదు, దూరంగా ఉండాలి

ఒకప్పుడు ఇన్సులిన్‌ను పందుల, ఆవుల క్లోమం నుంచి తీసేవారు. కొందరికి అది పడేది కాదు. 1982 నుంచి, మనిషి ఇన్సులిన్ జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి తయారుచేసిన ఇన్సులిన్ వాడుకలోకి వచ్చింది. మన ఒంట్లో తయారయ్యే ఇన్సులిన్ ఎలా ఉంటుందో అదీ అచ్చం అలాగే ఉంటుంది.

హెపటైటిస్-బి టీకా కూడా అంతే. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దాన్ని పికియా అనే ఈస్టులో తయారు చేసి తెచ్చింది. ఆ ఈస్టు చేసేది వైరస్ పైపొరలోని ఒక్క ప్రోటీన్‌ను మాత్రమే. అందులో వైరస్ ఉండదు, దాని జన్యుపదార్థమూ ఉండదు, కాబట్టి టీకా వల్ల ఆ జబ్బు రావడం అసాధ్యం. అప్పటిదాకా బయటినుంచి వచ్చే టీకా ధర మామూలు కుటుంబాలకు అందేది కాదు. ఇప్పుడు పుట్టిన బిడ్డకు ఇరవై నాలుగు గంటల్లోపు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా వేస్తున్నారు. మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే కార్డు తీసి, పుట్టిన రోజు గడిలో ఆ టీకా రాసి ఉందో లేదో ఒకసారి చూడండి.