రోబోటిక్స్ ఉద్యోగానికి రోబోటిక్స్ బ్రాంచే కావాలా? అపోహలు - వాస్తవాలు

ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) ర్యాంకులు వచ్చాయంటే నా ఫోన్‌కి తీరిక ఉండదు. దూరపు చుట్టాలు, వాళ్ల ఆఫీసువాళ్లు, ఎప్పుడో ఒక పెళ్లిలో పలకరించినవాళ్లు, అందరిదీ ఒకటే ప్రశ్న. "నువ్వు రోబోలకి ప్రోగ్రాములు రాస్తావట కదమ్మా. మావాడికి మేనేజ్‌మెంట్ కోటాలో రోబోటిక్స్ సీటు ఇస్తామంటున్నారు. కట్టేయమంటావా?" కట్టేది లక్షల్లో. పొలం బేరం పెట్టి మరీ అడిగినవాళ్లున్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఆ భయాన్ని పెంచి సీట్లు అమ్ముకునేవాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: పట్టా మీద 'రోబోటిక్స్' అని ఉంటేనే ఈ రంగంలోకి రానిస్తారు.

వాస్తవం: అలాంటిదేం లేదు. నాది ఈసీఈ, గుంటూరు జిల్లాలో ఓ మామూలు కాలేజీ. మా టీములో లోకలైజేషన్ (రోబో తానెక్కడుందో తెలుసుకోవడం) చూసే అబ్బాయి మెకానికల్, పాత్ ప్లానింగ్ (ఏ దారిన వెళ్లాలో తేల్చడం) రాసే అమ్మాయి సీఎస్ఈ. మా అందరికంటే పెద్ద ఉదాహరణ కావాలంటే రాజ్ రెడ్డి గారున్నారు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన చదివింది సివిల్. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేశారు. 1979లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పెడితే దానికి తొలి డైరెక్టర్ ఆయనే. 1994లో కంప్యూటర్ సైన్స్‌లో అన్నిటికంటే పెద్దదైన ట్యూరింగ్ అవార్డూ వచ్చింది. "అప్పట్లో ఆ బ్రాంచే లేదు కదమ్మా" అంటారు. నిజమే, లేదు. ఇప్పుడుంది కాబట్టి అదొక్కటే దారి అని ఎవరన్నారు?

నా దారి చెబుతాను. చదువయ్యాక హైదరాబాదులో కార్ల ఎలక్ట్రానిక్స్ చేసే కంపెనీలో చేరాను. రోజంతా ఎంబెడెడ్ సీ (చిప్‌ల కోసం సీ భాషలో రాసే కోడ్), కాన్ బస్ (బండిలోని ఎలక్ట్రానిక్ భాగాలు మాట్లాడుకునే తీగ) మీద వచ్చే మెసేజ్‌లు. రోబో అన్న మాటే ఆ ఆఫీసులో వినపడేది కాదు. కానీ గోడౌన్లలో సరుకు మోసే రోబోల్లోనూ చక్రాల మోటార్లకి ఆదేశాలు చాలావరకు అదే కాన్ బస్ మీద వెళ్తాయి. ఆ పని తెలిసినవాళ్లు కావాలని బెంగళూరులో ఒక కంపెనీ వెతుకుతుంటే వెళ్లాను. మోటార్లని నడిపే డ్రైవర్లతో మొదలై, ఓడోమెట్రీకి (చక్రాలు తిరిగినదాన్ని బట్టి ఎంత దూరం వచ్చిందో లెక్కగట్టడం), అక్కణ్ణుంచి సెన్సర్ ఫ్యూజన్‌కి (పలు సెన్సర్ల లెక్కల్ని ఒకటిగా కలపడం) వచ్చాను. ఒక పని చేతిలో ఉంటే దాని పక్క పని నేర్చుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

అసలు పని ఎలా ఉంటుందో ఒకటి చూపిస్తాను. ఒక గోడౌన్‌లో మా రోబో పొద్దున శుభ్రంగా తిరిగేది, మధ్యాహ్నానికల్లా ఉన్నచోటే మొరాయించేది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే. బ్యాటరీ అన్నారు, వైఫై అన్నారు, నేల నున్నగా ఉందన్నారు. లాగ్ (రోబో రాసుకునే చిట్టా) తెరిస్తే మాత్రం 'ఎక్స్‌ట్రాపొలేషన్ ఇంటు ద ఫ్యూచర్' అని వరసగా ఎర్రర్లు. ఆ రోబోలో కంప్యూటర్లు రెండు. లైడార్ (లేజర్‌తో చుట్టూ దూరాలు కొలిచే సెన్సర్) చదివే కంప్యూటర్ గడియారం గంటగంటకీ కొంచెం ముందుకు జరుగుతోంది. మధ్యాహ్నానికి తేడా అర సెకను దగ్గరికి చేరింది. అంటే లైడార్ పంపే ప్రతి స్కానూ ఇంకా రాని సమయంలో తీసినట్టు కనబడుతోంది, ఆ సమయానికి రోబో ఎక్కడుందో రెండో కంప్యూటర్ చెప్పలేకపోతోంది. క్రోనీ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి రెండు గడియారాలనీ కలిపితే సాయంత్రం దాకా ఆగకుండా తిరిగింది. ఇది ఏ బ్రాంచి సిలబస్? నెట్‌వర్కింగ్ తెలిసిన సీఎస్ఈ పిల్లాడైనా పట్టేస్తాడు.

ఇంటర్వ్యూల్లోనూ మేం చూసేది ఇలా అసలు కారణం వెతికే తీరునే. ఒక బ్యాగ్ ఫైల్ (రోబో తిరుగుతుండగా రికార్డు చేసిన డేటా) ఇచ్చి, మ్యాప్‌లో రోబో గోడలోంచి వెళ్తున్నట్టు ఎందుకు కనబడుతోందో చెప్పమంటాం. గబగబా పారామీటర్లు మార్చేవాళ్లు ఎక్కువ. ముందు టీఎఫ్ ట్రీ (మ్యాప్, రోబో, సెన్సర్ల ఫ్రేములు, అంటే కొలతల చట్రాలు, ఒకదానికొకటి ఎలా కలిశాయో చూపే పటం) తెరిచి, ఏ ఫ్రేమ్ ఏ ఫ్రేమ్‌కి వేలాడుతోందో చూసుకునేవాళ్ల కోసమే మా వెతుకులాట. అలా చూసినవాళ్ల బ్రాంచి ఏమిటని నేనెప్పుడూ అడగలేదు. లైనక్స్, గిట్, సీ ప్లస్ ప్లస్, పైథాన్ మాత్రం కచ్చితంగా అడుగుతాం.

అలాగని ఆ బ్రాంచి చెడ్డదని కాదు. కన్వీనర్ కోటాలో, మంచి కాలేజీలో వస్తే హాయిగా చేరండి. చేరేముందు బ్రోషర్‌లో రోబో ఫొటో చూసి మురిసిపోకండి. ఆ ల్యాబ్ తాళం నెలకి ఎన్నిసార్లు తీస్తారో సీనియర్లని అడగండి. కంట్రోల్ సిస్టమ్స్ ఎవరు చెబుతారో, ఆయన మధ్యలో మానేసి వెళ్లిపోతున్నారేమో కనుక్కోండి. బ్రాంచి పేరు కోసం అప్పు మాత్రం చేయొద్దు.

మిగతా అపోహలు ఇంత నష్టం చేసేవి కావు.

అమెరికాలో ఎమ్మెస్ చేయకపోతే కుదరదంటారు. రీసెర్చ్ వైపు వెళ్లాలంటే పనికొస్తుంది. గోడౌన్ రోబోకి నావిగేషన్ రాయడానికి అంత అప్పు అక్కర్లేదు. సైరిల్ స్టాక్నిస్ అనే ప్రొఫెసర్ గారి స్లామ్ (రోబో మ్యాప్ గీసుకుంటూనే అందులో తానెక్కడుందో తెలుసుకోవడం) పాఠాలు యూట్యూబ్‌లో, రోబోటిక్స్ కోర్సులు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటెల్‌లో ఉచితంగానే ఉన్నాయి.

లెక్కల్లో ర్యాంకర్లయితేనే అంటారు. ఇంటర్ ఎంపీసీలో మాత్రికలు, సదిశలు, సంభావ్యత మొక్కుబడిగా కాకుండా చదివితే పునాది ఉన్నట్టే. ఇంటర్ లెక్కల 2ఏలో సంకీర్ణ సంఖ్యలతో తలంలో తిప్పింది గుర్తుందా? రోబో ఎటు తిరిగి ఉందో చెప్పే క్వాటర్నియన్లు అదే పనిని మూడు దిక్కుల్లో చేస్తాయి. సెన్సర్ల లెక్కల్లోని తప్పుల్ని సరిచూసి కలిపే కాల్మన్ ఫిల్టర్ 1960 నాటిది. దాన్ని కొత్తగా కనిపెట్టమని మిమ్మల్నెవరూ అడగరు, ఏ సెన్సర్‌ని ఎంత నమ్మాలో చెప్పగలిగితే చాలు.

ఏఐ వచ్చేసింది, ఈ ఉద్యోగాలు పోతాయని ఇప్పుడు కొత్త పుకారు. కోడ్ నేనూ దానితో రాయిస్తున్నాను. కానీ సాయంత్రం ఎండ షట్టర్ కిందనుంచి ఏటవాలుగా పడి దూరాలు కొలిచే డెప్త్ కెమెరాకి ఏమీ కనబడకుండా చేస్తోందని తెలియాలంటే, ఆ వేళకి ఎవరో ఒకరు ఆ షట్టర్ దగ్గర నిలబడాలి.

ఆడపిల్లలకి ఈ పని కష్టమంటారు. ఇరవై కిలోల బ్యాటరీ ఎత్తడం కష్టమే, అందుకే దాన్ని ఇద్దరం పట్టుకుంటాం.

ఇక ముందు రోబో కిట్ కొనాలనేది. ఇది కిట్లు అమ్మేవాళ్ల మాట. కంప్యూటర్‌లోనే రోబోని తిప్పి చూపే గజీబో సిమ్యులేటర్ ఉచితం, అందులో తిప్పడానికి టర్టిల్‌బాట్3 అనే చిన్న రోబో మోడల్ ఉచితం, దానికి దారి చూపే నావ్2 సాఫ్ట్‌వేర్ ఉచితం. ఓ మాదిరి ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 (ఒక రకం లైనక్స్), దాని మీద రాస్ 2 (రోబోల ప్రోగ్రాములు రాయడానికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్) జాజీ వెర్షన్ వేసుకోండి. దానికి 2029 మే దాకా సపోర్ట్ ఉంది. యూట్యూబ్‌లో పాత పాఠాలు కుప్పలుగా ఉంటాయి, వాటితో వారాలకు వారాలు తల పగలగొట్టుకుంటున్న పిల్లలు తరచూ నాకు మెసేజ్ పెడుతుంటారు. గుర్తుపట్టడం తేలికే. వీడియోలో 'క్యాట్కిన్ మేక్' అని టైప్ చేశారంటే అది రాస్ 1, దాని ఆఖరి వెర్షన్‌కి 2025 మేలోనే సపోర్ట్ ఆగిపోయింది. 'కోల్కాన్ బిల్డ్' అని ఉన్నది వెతుక్కోండి.