నాలుగున్నర బెల్లు కోసేసే నిద్ర

రెసిడెన్షియల్ కాలేజీలో రాత్రి స్టడీ అవర్ పదిన్నరకు అయిపోయిందనుకోండి. బకెట్లు, బాత్రూమ్ క్యూ, రూమ్మేట్‌తో వీకెండ్ టెస్టు కబుర్లు అన్నీ అయ్యి కన్ను మూతపడేసరికి పదకొండుంబావు. మళ్లీ నాలుగున్నరకు బెల్లు. దక్కింది ఐదుంబావు గంటలు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు కావాల్సింది 8 నుంచి 10 గంటలు. ఎనిమిదే చాలనుకున్నా, ఆరు రోజుల్లో పోయిన నిద్ర 16 గంటల పైమాటే.

పెందలాడే పడుకోమని చెప్పడం తేలిక. కానీ ఆ వయసులో ఒళ్లు వినదు. చీకటిపడ్డాక నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోను యౌవనంలో గంట నుంచి రెండు గంటల దాకా ఆలస్యంగా మొదలవుతుంది. మెలకువగా ఉన్నకొద్దీ పెరిగే నిద్ర ఒత్తిడి కూడా చిన్నపిల్లల్లో కంటే నెమ్మదిగా పేరుకుంటుంది. తొమ్మిదిన్నరకు లైటార్పినా అటూ ఇటూ దొర్లడమే మిగులుతుంది. బ్రాహ్మీ ముహూర్తంలో చదివితే బుర్రకెక్కుతుందనే తాతగారి మాట ఆయన విషయంలో నిజమే కావచ్చు. ఆయన ఎనిమిదింటికే పడుకుంటారు, పైగా ఆయన వయసు పదహారు కాదు.

గాఢ నిద్ర ఎక్కువగా రాత్రి మొదటి సగంలోనే వస్తుంది. కలలొచ్చే రెమ్ నిద్ర తెల్లవారుజామున పెరుగుతుంది. బెల్లు ముఖ్యంగా కోసేది ఈ రెండో వాటానే. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే కాబట్టి, తెల్లవారుజామున చదివే కొత్త పాఠానికి నిన్నటి పాఠంతో మూల్యం చెల్లిస్తున్నట్టే.

సింగపూర్‌లో 15–19 ఏళ్ల విద్యార్థులను వారంపాటు రోజుకు 5 గంటలే పడుకోబెట్టి పరీక్షించారు. 2016లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం ఏకాగ్రత రోజురోజుకూ పడిపోయింది. ఆ తర్వాత రెండు రాత్రులు తొమ్మిదేసి గంటలు పడుకున్నా పూర్తిగా కోలుకోలేదు. అంటే ఆదివారం నిద్రతో వారం బాకీ తీరదు. 2003లో పెద్దవాళ్ల మీద జరిగిన మరో ప్రయోగంలో రెండు వారాలు ఆరేసి గంటలే పడుకున్నవాళ్ల తప్పులు పెరుగుతూనే పోయాయి, వాళ్లకు మాత్రం మత్తు పెద్దగా పెరిగినట్టు అనిపించలేదు. ‘నాకు అలవాటైపోయింది సార్’ అనే మాటను నమ్మకూడనిది ఇందుకే.

ఈ తప్పులనే మనవాళ్లు సిల్లీ మిస్టేక్స్ అంటారు. ఫార్ములా వచ్చు, లెక్కా తెలుసు, మూడో లైనులో మైనస్ గుర్తు జారిపోతుంది. ‘సరికానిది ఏది’ అన్న ప్రశ్నను ‘సరైనది ఏది’ అని చదివేస్తారు. నీట్‌లో సరైన జవాబుకు +4, తప్పుకు -1, కాబట్టి అలాంటి ఒక్కో జారుడుకు ఐదు మార్కుల తేడా. ఎర్రర్ బుక్‌లో తెలియక చేసినవీ తెలిసీ చేసినవీ విడిగా రాసి చూడండి. రెండో రకం పెరుగుతుంటే ఇంకో మాక్ టెస్టుకు బదులు ఇంకో గంట నిద్ర ఇవ్వాలి.

లేచే వేళను ఒక్కసారిగా మార్చొద్దు. రెండు మూడు రోజులకోసారి 15 నిమిషాలు జరపండి. తెల్లారగానే పావుగంట ఎండలో నిలబడితే శరీర గడియారం ముందుకు జరుగుతుంది, అంటే రాత్రి నిద్ర కాస్త పెందలాడే వస్తుంది. మధ్యాహ్నం మూడు దాటాక కాఫీ, టీ వద్దు. కెఫీన్‌లో సగం కరగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పగటి కునుకు 20 నిమిషాలు, అదీ నాలుగు లోపే. గంటసేపు పడుకుంటే గాఢ నిద్రలోంచి లేవాల్సి వచ్చి అరగంటదాకా తల దిమ్ముగా ఉంటుంది. ఆదివారం గంట, మహా అయితే రెండు గంటలు అదనంగా పడుకోండి. మధ్యాహ్నం దాకా పడుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టదు, సోమవారం బెల్లు మరీ నరకం. రాత్రి ఆఖరి అరగంట కొత్త ప్రాబ్లమ్స్ పట్టుకోకుండా కెమిస్ట్రీ రియాక్షన్లో, బయాలజీ పేర్లో తిరగేయడం మేలు.

హాస్టల్లో ఉన్న పిల్లవాడి చేతిలో వీటిలో సగం కూడా ఉండవు. బెల్లు ఆలస్యంగా కొడితే అంతే ఆలస్యంగా పడుకుంటారనేది యాజమాన్యాల అనుమానం. అమెరికాలోని సియాటిల్‌లో 2016లో హైస్కూళ్ల వేళను 7:50 నుంచి 8:45కు జరిపి, పిల్లల చేతులకు వాచీలు కట్టి కొలిచారు. పడుకునే వేళ దాదాపు మారలేదు, నిద్ర రోజుకు 34 నిమిషాలు పెరిగింది. పేరెంట్స్ మీటింగ్‌లో ర్యాంకుల తర్వాత అడగాల్సిన ప్రశ్న పొద్దున బెల్లు ఎన్నింటికని.