గోడల పాలయ్యే వెలుగు: ఫోకల్ రెడ్యూసర్ చేసే పని

పాత ఫిల్మ్ కెమెరా లెన్సు ఒకటి చేతికి దొరికితే, దానిని డిజిటల్ కెమెరాకు బిగించే ముందు ఒక చిన్న ప్రయోగం చేసి చూడవచ్చు. పట్టపగలు గది తలుపులూ కిటికీలూ మూసి, ఒక్క కిటికీ రెక్క మాత్రం తెరిచి ఉంచి, లెన్సు ముందు భాగాన్ని ఆ వెలుతురు వైపు తిప్పి పట్టుకోవాలి. దాని వెనుక సుమారు నాలుగున్నర సెంటీమీటర్ల దూరంలో ఒక తెల్లకాగితం నిలబెట్టి, కాస్త ముందుకూ వెనక్కూ జరిపితే, ఎదురింటి డాబా, దాని మీది నీళ్ల ట్యాంకు, పక్కనున్న కొబ్బరి మట్టలు, అన్నీ రంగులతో సహా తలకిందులుగా కాగితం మీద ఒక గుండ్రని బిళ్లలో తేలుతాయి. నా దగ్గరున్న సోవియట్ కాలపు హీలియోస్ 44-2 లెన్సుతో ఈ బిళ్లను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ప్రతిసారీ అది నాకు కొత్తగానే ఉంటుంది.

ఆ గుండ్రని బిళ్లను ప్రతిబింబ వృత్తం అంటారు. 35 మి.మీ. ఫిల్మ్ కోసం తయారైన లెన్సులో దాని వ్యాసం కనీసం 43 మి.మీ. ఉండి తీరాలి. ఎందుకంటే ఆ ఫిల్మ్ ఫ్రేము 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు ఉంటుంది కాబట్టి దాని కర్ణం 43.3 మి.మీ. అవుతుంది. ఇప్పుడు అదే కాగితం మీద, ఏపీఎస్-సి అనే చిన్న సెన్సర్ కొలతల ప్రకారం 23.6 × 15.6 మి.మీ. దీర్ఘచతురస్రాన్ని పెన్సిలుతో గీసి మళ్లీ వెలుగులో పెడితే అసలు సంగతి కంటికి కనిపిస్తుంది. కొబ్బరి మట్టలు గీత బయటే ఉండిపోతాయి, డాబాలో సగం తెగిపోతుంది, నీళ్ల ట్యాంకు ఒక్కటే నిండుగా మిగులుతుంది. ఫిల్మ్ ఫ్రేము వైశాల్యం 864 చదరపు మి.మీ. కాగా ఈ చిన్న చట్రం వైశాల్యం 368 మాత్రమే. అంటే ఫ్రేముకు అందవలసిన వెలుగులో నూటికి 57 పాళ్లు కెమెరా లోపలి నల్లని గోడల మీద పడి ఆరిపోతున్నది. మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాలో సెన్సర్ 17.3 × 13 మి.మీ. మాత్రమే కాబట్టి, అక్కడ నూటికి 74 పాళ్లు గోడల పాలవుతుంది. లెన్సు కొలతల్లో ఏ మార్పూ లేకపోయినా చిత్రం దగ్గరకు లాగినట్లు, ఇరుకుగా కనిపించడానికి కారణం ఇదే. ఫొటోగ్రాఫర్లు క్రాప్ ఫ్యాక్టర్ అని చెప్పే 1.5, 2 అనే అంకెల వెనుక ఉన్నది ఈ కత్తిరింపే.

ఫోకల్ రెడ్యూసర్ ఆ పారబోతను అరికట్టే సాధనం. చూడటానికి అది లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించే మామూలు అడాప్టర్ లాగానే ఉంటుంది. మామూలు అడాప్టర్ లోపల ఖాళీగా ఉండే గొట్టం కాగా, దీని లోపల కుంభాకార కటకంలా పనిచేసే గాజు సముదాయం ఉంటుంది. భూతద్దంతో ఎండను కాగితం మీద ఒక చుక్కగా కూర్చిన అనుభవం చిన్నతనంలో చాలామందికి ఉండే ఉంటుంది. ఇక్కడ జరిగేదీ ఆ కుటుంబానికి చెందిన పనే. లెన్సు నుంచి వెలువడి సన్నబడుతూ వచ్చే కాంతి శంకువుకు దారిలో ఈ గాజు అడ్డుపడి, దానిని ఇంకాస్త లోపలికి వంచుతుంది. ఉదాహరణకు 35 మి.మీ. అవతల కలుసుకోవలసిన కిరణాలు 25 మి.మీ. దగ్గరే కలుసుకున్నాయనుకుంటే, ప్రతిబింబం కూడా అదే నిష్పత్తిలో, అంటే 0.71 వంతుకు కుదించుకుపోతుంది. పొడవు, వెడల్పు రెండూ 0.71 వంతు అయినప్పుడు వైశాల్యం దాదాపు సగం అవుతుంది. లెన్సు లోపలికి వచ్చిన వెలుగు మాత్రం తగ్గలేదు. కనుక ఆ వెలుగంతా సగం చోటులో పరుచుకొని రెట్టింపు కాంతివంతంగా సెన్సర్ మీద పడుతుంది. ఫొటోగ్రఫీ భాషలో ఇది ఒక స్టాపు.

లెన్సు మీద చెక్కిన అంకెలతోనే దీనిని సరిచూడవచ్చు. హీలియోస్ 44-2 నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 58 మి.మీ., దాని అపర్చరు ఎఫ్ 2, అంటే నాభ్యంతరంలో సగం, కనుక ముందు నుంచి చూస్తే కనిపించే కాంతి ద్వారం వ్యాసం 29 మి.మీ. రెడ్యూసర్ లెన్సు వెనుక కూర్చుంటుంది కాబట్టి ఆ ద్వారంలో మార్పేమీ ఉండదు. నాభ్యంతరం మాత్రం 58 నుంచి సుమారు 41 మి.మీ.కు తగ్గుతుంది. 41ని 29తో భాగిస్తే వచ్చేది 1.4. ఎఫ్ 2 లెన్సు ఎఫ్ 1.4 లెన్సుగా మారింది. మసక వెలుతురులో షట్టరు వేగాన్ని రెట్టింపు చేసుకోవడానికో, సెన్సర్ సున్నితత్వాన్ని తెలిపే ఐఎస్ఓ అంకెను సగానికి దించుకోవడానికో ఈ తేడా చాలు. ఈ అడాప్టర్లకు వ్యవహారంలో స్పీడ్ బూస్టర్ అనే పేరు స్థిరపడటానికి కారణమూ అదే.

ఇక్కడ నేను కొంచెం ఆగి చెప్పదలచిన మాట ఒకటి ఉంది. ఈ పరికరం వెలుగును పెంచుతుందని ప్రకటనల్లో రాస్తారు, కొన్నవారూ అదే చెబుతారు. ఒక చదరపు మి.మీ. మీద పడే వెలుగు పెరిగిన మాట నిజమే గాని, లెన్సు లోపలికి వచ్చిన మొత్తం వెలుగు పెరగలేదు, పెరగదు కూడా. చూరు నుంచి జారే నీటి కింద చిన్న బిందె పెట్టి, దాని మీద గరాటు నిలిపినంత మాత్రాన వాన పెద్దదవుతుందా? కుదించిన ఫ్రేము వైశాల్యం సుమారు 435 చదరపు మి.మీ. కాబట్టి, 368 చదరపు మి.మీ. ఏపీఎస్-సి సెన్సరుకు ఇప్పుడు ఆ వెలుగులో నూటికి 84 పాళ్లు దక్కుతుంది. క్రాప్ ఫ్యాక్టర్ కూడా 1.5 నుంచి 1.07కు దిగుతుంది. దృశ్యం వెడల్పు, నేపథ్యం మసకబారే తీరు, చీకట్లో చిత్రం మీద వచ్చే రవ్వ లాంటి చుక్కలు, ఈ మూడింటిలోనూ చిన్న కెమెరా అదే లెన్సు బిగించిన ఫుల్ ఫ్రేము (ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్న) కెమెరాకు దగ్గరగా వెళుతుంది, దానిని మించిపోదు. ఈ తేడాను స్పష్టంగా తెలుసుకున్నవారికి ఈ సాధనం మీద నిరాశ కలగదని నా నమ్మకం.

ప్రకృతి ఈ కుదింపుకు ఒక ధర కూడా పెట్టింది. కాంతిని ఎంత చిన్న చోటికి కూర్చితే, అది అంత వెడల్పైన కోణంలో వచ్చి చేరాలి. ఎఫ్ 2 దగ్గర సెన్సర్ మీదికి దిగే శంకువు దాదాపు 29 డిగ్రీలు విచ్చుకొని ఉంటే, ఎఫ్ 1.4 దగ్గర అది 41 డిగ్రీలకు విచ్చుకుంటుంది. వైశాల్యం, కోణం కలిసిన ఈ లబ్ధాన్ని ఏ గాజూ తగ్గించలేదు. ఆ లెక్కనే చివరి దాకా తీసుకువెళితే, గాలిలో పనిచేసే ఏ లెన్సూ ఎఫ్ 0.5 హద్దును దాటలేదని తేలుతుంది. అక్కడికి చేరేసరికి శంకువు పూర్తిగా 180 డిగ్రీలు తెరుచుకుని ఉంటుంది.

స్పష్టత విషయంలో ఫలితం చాలామంది ఊహించే దానికి విరుద్ధంగా ఉంటుంది. మధ్యలో అదనపు గాజు చేరితే బొమ్మ చెడుతుందని అనిపించడం సహజం. అయితే ప్రతిబింబం కుదించుకుపోయినప్పుడు దానిలోని మసక, రంగు అంచులు కూడా అదే పాలులో చిన్నవవుతాయి. మిల్లీమీటరుకు 50 గీతలను విడదీసి చూపగల లెన్సు, రెడ్యూసర్ తరువాత 70 గీతల దాకా చూపగలదు. ప్రతిబింబాన్ని పెద్దది చేసే టెలికన్వర్టర్లో సరిగ్గా దీనికి తలకిందులుగా దోషాలూ పెద్దవై, వెలుగూ తగ్గుతుంది. ఈ లాభం మిగలాలంటే రెడ్యూసర్ తన సొంత దోషాలను చేర్చకూడదు. ఒక్క కుంభాకార కటకం పెడితే మూలలు వంగి, అంచులు చెదురుతాయి కాబట్టి, మంచి రెడ్యూసర్లలో నాలుగైదు గాజులను లెక్కకట్టి కూర్చుతారు.

ఈ ఆలోచన పాతదే. 1995 నాటి నికాన్ ఈ2 డిజిటల్ కెమెరాలో సెన్సర్ కేవలం 2/3 అంగుళాల రకం. 35 మి.మీ. లెన్సుల పూర్తి దృశ్యాన్ని నాలుగో వంతుకు కుదించి దాని మీద పడేసే కటక వ్యవస్థను నికాన్, ఫూజీ కలిసి కెమెరా లోపలే అమర్చాయి. కానీ అందులో ముందు ఒక ప్రతిబింబం ఏర్పడి, దానిని మరో కటక సముదాయం మోసుకువెళ్లి సెన్సర్ మీద మళ్లీ నిలపాలి. ఆ సుదీర్ఘ మార్గం వల్ల కెమెరా లావెక్కింది. ముందు ఎంత పెద్ద అపర్చరున్న లెన్సు తగిలించినా ఎఫ్ 6.7 కన్నా ఎక్కువ తెరుచుకోలేకపోయింది. ఆ అవస్థను తప్పించినది అద్దం లేని (మిర్రర్‌లెస్) కెమెరా. కానన్ ఈఎఫ్ లెన్సు తన ప్రతిబింబాన్ని మౌంటుకు, అంటే లెన్సు కెమెరాకు బిగిసే చోటుకు, 44 మి.మీ. వెనుక నిలుపుతుంది. సోనీ ఈ-మౌంటు కెమెరాలో మౌంటు నుంచి సెన్సరుకు దూరం 18 మి.మీ. మిగిలిన 26 మి.మీ. ఖాళీలో గాజును నేరుగా కూర్చోబెట్టవచ్చు. లెన్సు రూపకర్త బ్రయాన్ కాల్డ్‌వెల్ గణించిన అమరికతో మెటబోన్స్ సంస్థ 2013 జనవరిలో సరిగ్గా ఈ జతకే తన మొదటి స్పీడ్ బూస్టర్‌ను ప్రకటించింది. ప్రతిబింబం ముందుకు జరుగుతుంది కాబట్టి ఆ అడాప్టర్ ఖాళీ గొట్టం కన్నా పొట్టిగా కూడా ఉంటుంది.

ఖగోళ శాస్త్రవేత్తలకు ఇది అంతకు ముందే అలవాటైన విద్య. లద్దాఖ్‌లోని హాన్లేలో, 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హిమాలయన్ చంద్ర టెలిస్కోపు అద్దం వ్యాసం రెండు మీటర్లు, నిష్పత్తి ఎఫ్ 9 కనుక నాభ్యంతరం దాదాపు 18 మీటర్లు. దాని నాభి వద్ద ఆకాశంలోని 10 ఆర్క్ నిమిషాల (డిగ్రీలో ఆరో వంతు) ముక్క 52 మి.మీ. వెడల్పున పరుచుకుంటుంది. హెచ్ఎఫ్ఓఎస్‌సీ అనే పరికరం ఆ ముక్కను సుమారు 30 మి.మీ. సీసీడీ సెన్సర్ మీదికి కుదిస్తుంది. అందులో కిరణాలను మొదట సమాంతరం చేసి, ఆ తరువాత మరో కటకంతో కూర్చుతారు. మధ్యలో కిరణాలు సమాంతరంగా సాగే చోట వడపోత గాజులనూ, వర్ణపటాన్ని విడదీసే గ్రిజములనూ దించుతారు.

ఇక కుదరని చోట్లు. ఏపీఎస్-సి కోసమే తయారైన లెన్సు ప్రతిబింబ వృత్తం సుమారు 28 మి.మీ. ఉంటుంది. దానిని 0.71 వంతుకు కుదిస్తే 20 మి.మీ. మిగిలి, అదే ఏపీఎస్-సి సెన్సర్ మీద నాలుగు మూలలూ చీకటి కమ్ముతాయి. వెనుక గాజు పొడుచుకు వచ్చిన లెన్సును బలవంతంగా తిప్పితే రెండు గాజులూ రాసుకొని గీతలు పడతాయి. కాబట్టి మొదటిసారి బిగించేటప్పుడు వేలి ఒత్తిడితోనే తిప్పి, ఎక్కడైనా పట్టేస్తే అక్కడే ఆపాలి. చవక రకాలలో అపర్చరును బాగా మూసినప్పుడు సెన్సర్ మీది మెరుపు రెడ్యూసర్ గాజుకు తగిలి తిరిగివచ్చి, చిత్రం నడిమధ్య నీలిరంగు మచ్చగా నిలుస్తుంది. ఎదురు వెలుగులో ఎఫ్ 11 దగ్గర ఒక చిత్రం తీసి చూస్తే ఆ లోపం ఉందో లేదో తెలిసిపోతుంది. మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాల సెన్సర్ ముందు దాదాపు 4 మి.మీ. మందం గాజు ఉంటుంది కాబట్టి, ఆ మందాన్ని లెక్కలో చేర్చని రెడ్యూసర్ పెడితే అంచులు మెత్తబడతాయి.

చివరి సర్దుబాటు మాత్రం ఎవరికి వారు చేసుకోవలసిందే. రెడ్యూసర్ గాజు పిసరంత ముందుకో వెనక్కో ఉన్నా, లెన్సును అనంతం గుర్తు దాకా తిప్పినప్పుడు దూరపు వస్తువులు స్పష్టంగా రావు. వెన్నెల రాత్రి డాబా మీద కెమెరాను ట్రైపాడ్‌కు బిగించి, అపర్చరును పూర్తిగా తెరిచి, తెర మీద చంద్రుణ్ణి పదిరెట్లు పెంచి చూస్తాను. అడాప్టర్ పక్కనున్న చిన్న మరను సడలించి, లోపలి గాజు ఉంగరాన్ని గోటితో కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే, మొదట మబ్బు పట్టినట్లున్న బిళ్లకు ఒక అంచు తేలుతుంది. ఇంకొంచెం తిప్పితే నల్లని మైదానాలు విడివడతాయి, ఆ తరువాత వెలుగునీడల సరిహద్దు మీద గుంటల అంచులు తెల్లగా నిలబడతాయి. ఆ స్థానంలో ఉంగరం కదలకుండా వేలు ఆనించి పట్టుకొని, రెండో చేత్తో మరను బిగిస్తాను.