కొత్త టెక్నాలజీ వచ్చేదాకా టీవీ కొనకుండా ఆగాలా? అపోహలు - వాస్తవాలు

టీవీలు బాగుచేయడం నా వృత్తి. ఈమధ్య "ఏ టీవీ కొనాలి" అనేవాళ్ల కంటే "ఇప్పుడే కొనాలా, ఇంకో ఏడాది ఆగాలా" అనేవాళ్లే ఎక్కువ.

అపోహ: ఆగితే అసలైన టెక్నాలజీ వస్తుంది.

2010లో త్రీడీ టీవీలొచ్చినప్పుడూ ఇదే మాట అన్నారు. ఇంట్లో కూర్చుని కళ్లద్దాలు పెట్టుకునే ఓపిక జనానికి లేకపోయింది. 2017కల్లా ఎల్‌జీ, సోనీ కూడా వాటిని ఆపేశాయి. ఇప్పుడు 8కె వంతు, అంటే 4కె కంటే ఇంకా సన్నటి చుక్కలతో బొమ్మ చూపే టీవీలు. అందులో చూడటానికి మనకు ఛానళ్లే లేవు. ఉన్న టీవీ పాడైతే దానికోసం ఆగకండి.

అపోహ: క్యూఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ ఒకటే.

కానే కాదు. క్యూఎల్‌ఈడీ అంటే తెర వెనక నుంచి వెలుగునిచ్చే లైట్లు (బ్యాక్‌లైట్) ఉన్న మామూలు ఎల్‌సీడీయే, రంగులు మెరుగ్గా వస్తాయంతే. మినీ ఎల్‌ఈడీ కూడా ఎల్‌సీడీయే. కాకపోతే చిన్న చిన్న లైట్లు జోన్లవారీగా ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. ఓఎల్‌ఈడీలో బ్యాక్‌లైట్ ఉండదు, ఏ పిక్సెల్‌కి (తెర మీది చుక్కకి) ఆ పిక్సెలే వెలుగుతుంది. షాపులో వేసే రంగురంగుల డెమో వీడియో ఆపించి, నల్లటి తెర మీద తెల్లటి పేర్లు పడే సీను పెట్టించండి. అక్షరాల చుట్టూ వెలుగు చిమ్మినట్టుంటే ఆ మోడల్ వదిలేయండి.

అపోహ: డబ్బుంటే ఓఎల్‌ఈడీయే కొనాలి.

రోజంతా న్యూస్ ఛానల్ నడిచే ఇంటికి నేను వద్దనే చెబుతాను. ఒకేచోట ఉండే లోగో, కింద స్క్రోలింగ్ పట్టీ ఏళ్లు గడిచేసరికి తెర మీద మరకలా మిగిలిపోవచ్చు. రాత్రిళ్లు లైట్లార్పి సినిమాలు చూసేవాళ్లు నిశ్చింతగా తీసుకోవచ్చు.

అపోహ: బొమ్మ పోయిందంటే టీవీ పోయినట్టే.

మాట వినిపిస్తూ బొమ్మ రాకపోతే, గదిలో లైటార్పి తెరకు దగ్గరగా టార్చి వేసి చూడండి. లోపల బొమ్మ మసగ్గా కదులుతుంటే చాలావరకు పోయింది బ్యాక్‌లైటే. ఆ లైట్ల పట్టీలు (స్ట్రిప్పులు) మారిస్తే మళ్లీ పనిచేస్తుంది. ప్యానెల్, అంటే తెరే పగిలితే మాత్రం రిపేరుకు డబ్బు పెట్టకండి, అప్పుడు కొత్తదే నయం.

అపోహ: దసరా, దీపావళికే చవక.

కొత్త మోడళ్లను కంపెనీలు ఎక్కువగా జనవరిలో ప్రకటిస్తాయి. మన షాపులకు అవి వేసవికి అటూఇటూగా వస్తాయి. పాత ఏడాది పెద్ద మోడళ్ల ధర దిగివచ్చేది అప్పుడే. పన్ను తగ్గుతుందని ఆగినవాళ్లూ ఉన్నారు. 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచే 28 శాతం నుంచి 18కి తగ్గింది. యాప్‌లు నెమ్మదించాయని టీవీ మార్చాలనుకుంటే, ముందు టీవీ వెనకుండే హెచ్‌డీఎంఐ పోర్టుకి యాప్‌లు నడిపే ఒక స్ట్రీమింగ్ స్టిక్ పెట్టి చూడండి.