తొలకరితో లేచే పురుగు: సాల్ బోరర్ మీద అపోహలు, వాస్తవాలు

మధ్యప్రదేశ్‌లోని మండ్లా, దిండోరీ సాల అడవుల్లో పురుగుల మీద పనిచేస్తాను. సాల అంటే మన గుగ్గిలం చెట్టే. దాని చేవను తొలిచే పెంకుపురుగే సాల్ బోరర్. ఉత్తరాంధ్ర కొండల్లోనూ అక్కడక్కడా ఉంది. ఊరికొచ్చినప్పుడల్లా వినే మాటలకు జవాబులివి.

అపోహ: వానలు బాగా పడితే అడవికి పురుగు బెడద తగ్గుతుంది.

వాస్తవం: ఈ పెంకుపురుగు వాన కోసమే కాచుకుని ఉంటుంది. చేవలో గది తొలుచుకుని, పెంకు గట్టిపడ్డాక కూడా వేసవంతా అందులోనే ఉండిపోతుంది. బయట ఎండ మండిపోతున్నా కదలదు. తొలకరిలో నాలుగు గట్టి వానలు పడితే చాలు, జూన్ చివర్లోనో జూలైలోనో బయటికొస్తుంది. వాన వెనకబడితే అదీ ఆగుతుంది. బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది, వారంలోపే పిల్లపురుగులు లోపలికి దిగుతాయి. ఏడాదికి ఒకటే తరం. వానలు దండిగా పడిన ఏడాది నాకు టెన్షనే.

అపోహ: వేడి పెరిగితే ఎక్కడైనా పురుగు పెరుగుతుంది.

వాస్తవం: అది కెనడాలో పైన్ చెట్లను చంపే మౌంటెన్ పైన్ బీటిల్ అనే పెంకుపురుగుకు సరిపోయే మాట. అక్కడ మైనస్ 40 డిగ్రీల చలి కొన్ని రోజులు పట్టిందంటే పిల్లపురుగులు చచ్చేవి. అలాంటి చలికాలాలు తగ్గాక బ్రిటిష్ కొలంబియాలో 1.8 కోట్ల హెక్టార్లకు పాకింది, రాకీ పర్వతాలు దాటి ఆల్బర్టాకూ చేరింది. సాల అడవిలో చంపేంత చలి లేదు, ఇక్కడ లెక్కంతా వానదే. అందుకే నేను థర్మామీటర్ కంటే ముందు వాన లెక్కల పుస్తకం తెరుస్తాను.

అపోహ: పురుగు పట్టిన చెట్టు పని అయిపోయినట్టే.

వాస్తవం: కాదు. బలమైన చెట్టు గుగ్గిలం కార్చి పిల్లపురుగుల్ని ముంచేస్తుంది. బెరడు మీద జిగురు గడ్డలు కనిపిస్తే ఆ చెట్టు ఇంకా పోరాడుతోందని అర్థం, దాన్ని నరకొద్దు. చెట్టు మొదలు దగ్గర చెక్కపొడి కుప్పగా పడుతుంటే మాత్రం ఆశ వదులుకోవాలి.

అపోహ: మందు కొడితే సరి.

వాస్తవం: చేవలో ఉన్నదానికి మందు ఎలా అందుతుంది? సాల దుంగ ఒకటి కోసి, చివర్లను గొడ్డలి వెనకవైపుతో బెరడు పీచయ్యేదాకా కొడతాం. ఆ రసం వాసనకు పురుగులు ఎగిరొచ్చి, తాగి మత్తుగా పడి ఉంటాయి. చేత్తో ఏరి తలలు తుంచుతాం, తలల లెక్కనే కూలీ. మూడు నాలుగు రోజులకు చివర మళ్లీ కోసి కొట్టాలి. పది రోజులు దాటితే ఆ దుంగకు వాసన పోతుంది, ఇంకోటి కొట్టాల్సిందే. ఈ పనికి మనుషులు, గొడ్డళ్లు మొదటి ఉరుముకే సిద్ధంగా ఉండాలి.