హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్ వచ్చాక కూడా ఇంకో పరీక్ష ఎందుకు?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి కీమో కోసం విశాఖపట్నం వెళ్ళేవాళ్ళ ఫైల్లో ఈ కాగితం తప్పకుండా ఉంటుంది: 'హెచ్‌బీఎస్‌ఏజీ - నాన్ రియాక్టివ్'. కింద ల్యాబ్ ముద్ర, సంతకం. "హెపటైటిస్ బి లేదని రాసిచ్చారు కదండీ, మళ్ళీ ఈ రక్తపరీక్ష ఎందుకు? ఈ మాత్రలెందుకు?" అని ఇంటివాళ్ళు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. రైలు ఖర్చులు, మందుల ఖర్చులు మోసేది వాళ్ళే. కాబట్టి జవాబు పూర్తిగా చెప్పాలి.

అపోహ: హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్ అంటే ఒంట్లో వైరస్ లేనట్టే.

వాస్తవం: ఆ పరీక్ష వెతికేది వైరస్ పైపొరలోని ప్రోటీన్‌ని, అదీ రక్తంలో. వైరస్ అసలు మకాం కాలేయ కణాల కేంద్రకంలో. అక్కడ దాని డీఎన్‌ఏ సీసీసీడీఎన్‌ఏ అనే రూపంలో ఏళ్ళ తరబడి ఉండిపోగలదు. ఎప్పుడో సోకి, మనిషికి తెలియకుండానే తగ్గిపోయిన ఇన్ఫెక్షన్‌లోనూ ఇది మిగిలిపోతుంది. అప్పుడు హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్‌గానే వస్తుంది. రక్తంలో వైరస్ డీఎన్‌ఏ ఉన్నా మిల్లీలీటరుకు సాధారణంగా 200 యూనిట్ల లోపే, అదీ ఒకసారి దొరికి ఇంకోసారి దొరకదు. దీన్నే ఆకల్ట్ హెపటైటిస్ బి అంటాం. రోగనిరోధక శక్తి బాగున్నంతకాలం వీళ్ళలో చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. ఈ వాక్యం చదివి భయపడి పరీక్షలకు పరుగెత్తాల్సిన పని లేదు.

ముప్పు ఆ శక్తిని మందులతో తగ్గించినప్పుడు వస్తుంది. అన్నిటికంటే ఎక్కువ రిటుక్సిమాబ్‌తో. లింఫోమా అనే శోషరస గ్రంథుల క్యాన్సర్‌కే కాదు, కీళ్ళవాతానికి, పెంఫిగస్ అనే చర్మవ్యాధికి, కొన్ని కిడ్నీ జబ్బులకి కూడా ఈ ఇంజెక్షన్ ఇస్తారు. యాంటీబాడీలు తయారుచేసే బి కణాలను ఇది తుడిచేస్తుంది. కాపలా పోయాక వైరస్ పెరుగుతుంది. ముందు డీఎన్‌ఏ పెరుగుతుంది, తర్వాత హెచ్‌బీఎస్‌ఏజీ మళ్ళీ పాజిటివ్ అవుతుంది, ఆ తర్వాత ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) పెరుగుతుంది, చివరికి కామెర్లు. కామెర్లు కనబడ్డాక మందు మొదలుపెడితే కొందరిలో కాలేయం అప్పటికే చేయి దాటిపోయి ఉంటుంది. రిటుక్సిమాబ్ మీద ఈ హెచ్చరికను అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లోనే నల్ల పెట్టెలో, అంటే మందు సమాచార పత్రంలో అతి తీవ్రమైన హెచ్చరికల చోట, వేయించింది. హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్, యాంటీ హెచ్‌బీసీ (వైరస్ ఎప్పుడైనా సోకిందని చెప్పే యాంటీబాడీ) పాజిటివ్ ఉన్నవాళ్ళకి, వైరస్‌ని అణిచి ఉంచే నివారణ మాత్ర లేకుండా ఈ మందు ఇస్తే వైరస్ తిరగబెట్టే అవకాశం పది శాతానికి పైనే.

కాబట్టి చికిత్సకు ముందు అడగాల్సినది 'యాంటీ హెచ్‌బీసీ టోటల్'. చీటీ మీద టోటల్ అని స్పష్టంగా ఉండాలి. మా వైపు ల్యాబుల్లో చాలాసార్లు ఐజీఎం అనే ఇంకో రకం యాంటీబాడీ పరీక్ష చేసి పంపుతారు. అది కొత్తగా సోకిన ఇన్ఫెక్షన్ కోసం, పాతదాన్ని పట్టదు. రక్తం ఎక్కించాల్సి ఉంటే మొదటి సంచి పెట్టకముందే శాంపిల్ తీయించండి. దాత రక్తంలోని యాంటీబాడీ కొన్ని వారాలపాటు మీ రిపోర్టులో కనిపించి తికమక పెడుతుంది. టోటల్ పాజిటివ్ వస్తే హెచ్‌బీవీ డీఎన్‌ఏ పీసీఆర్ చేయించాలి. దానికి ఈడీటీఏ ట్యూబులో తీసిన రక్తం నుంచి ప్లాస్మా త్వరగా వేరుచేసి చల్లగా పంపాలి. రాయగడ నుంచి బస్సులో మామూలుగా వేసి పంపిన ట్యూబులో తక్కువ మోతాదు వైరస్ దొరక్కపోవచ్చు. డీఎన్‌ఏ దొరక్కపోయినా రిటుక్సిమాబ్ తీసుకునేవాళ్ళకి మాత్ర తప్పదు. యాంటీ హెచ్‌బీఎస్ (వైరస్ నుంచి రక్షణ ఇచ్చే యాంటీబాడీ) ఉంటే ముప్పు తగ్గుతుందే గాని పోదు.

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 20 మిల్లీగ్రాములు నాలుగు వారాలు మించితే కూడా ఈ పరీక్ష గురించి డాక్టరు గారిని అడగండి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల్లో మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్ మాత్రమే వాడేవాళ్ళకి ముప్పు చాలా తక్కువ.

అపోహ: కీమో అయిపోయింది, ఇక మాత్ర ఆపేయొచ్చు.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఎంటెకావిర్ 0.5 మిల్లీగ్రాములు గాని, టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు గాని చికిత్సకు ముందే మొదలుపెట్టి, ఆఖరి కీమో తర్వాత కనీసం 12 నెలలు, రిటుక్సిమాబ్ అయితే 18 నెలలు కొనసాగించాలి. మాత్ర ఆపాక కూడా ఇంకో ఏడాది ఎస్‌జీపీటీ, డీఎన్‌ఏ చూస్తుండాలి. రోగనిరోధక శక్తి తిరిగి వచ్చేటప్పుడే అది వైరస్ ఉన్న కాలేయ కణాల మీద పడుతుంది కాబట్టి, జుట్టు మొలిచి ఆకలి పుట్టిన నెలల్లోనే ముప్పు ఎక్కువ. ఎంటెకావిర్ ఖాళీ కడుపుతో వేసుకోవాలి, తిన్న రెండు గంటల తర్వాత, మళ్ళీ తినడానికి రెండు గంటల ముందు. కిడ్నీ సరిగా లేకపోతే మోతాదు మారుతుంది. విశాఖపట్నంలో రాసిన మాత్ర ఊళ్ళో మందుల షాపులో దొరక్క ఆగిపోవడం మామూలైపోయింది. నెల సరిపడా ముందే తెచ్చుకోండి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద మందులు ఉచితం. జిల్లా ఆసుపత్రిలో అడగండి. ఫైలు మొదటి పేజీ మీద 'యాంటీ హెచ్‌బీసీ పాజిటివ్, మాత్ర ఫలానా తేదీ దాకా' అని పెద్దక్షరాలతో రాయించుకోండి. ఒడియా డాక్టరైనా తెలుగు డాక్టరైనా మొదట చూసేది ఆ పేజీనే.

అపోహ: కామెర్లకి పసరు చాలు.

వాస్తవం: కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకి దక్కుతుంది. కీమో తీసుకున్న మనిషికి కళ్ళు పచ్చబడితే వాత, పసరు అంటూ ఒక్కరోజు కూడా పోగొట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

అపోహ: బ్లడ్ బ్యాంకు పరీక్ష చేసిన రక్తంలో హెపటైటిస్ బి ఉండే అవకాశమే లేదు.

వాస్తవం: దేశంలో ప్రతి సంచికీ హెచ్‌బీఎస్‌ఏజీ తప్పనిసరి, కానీ వైరస్ డీఎన్‌ఏనే నేరుగా వెతికే ఎన్‌ఏటీ పరీక్ష అన్నిచోట్లా లేదు. ఆకల్ట్ ఉన్న దాత సంచి అరుదుగా దాటిపోవచ్చు. మాటిమాటికీ రక్తం ఎక్కించుకునే సికిల్ సెల్ పిల్లల తల్లిదండ్రులు దీనికి భయపడి రక్తం మానేయకండి. అది ఇంకా ప్రమాదం. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తయ్యాయో లేదో చూసి, యాంటీ హెచ్‌బీఎస్ మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు దాటిందో లేదో పరీక్షించండి. టీకా వల్ల యాంటీ హెచ్‌బీసీ రాదు, యాంటీ హెచ్‌బీఎస్ ఒక్కటే వస్తుంది.

కలిసి తిన్నా, ఒకే గ్లాసు వాడినా ఇది అంటదు. కంచాలు వేరు పెట్టకండి, పెళ్ళి సంబంధాలు ఆపకండి. సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) ఉన్నవాళ్ళు మాత్రం ఆరు నెలలకోసారి కాలేయం అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి, హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్ అయినా సరే.