గెడ్డకు పెద్దదిక్కు లేని తొమ్మిదేళ్ళు

వానలు దగ్గరపడితే చాలు, విశాఖలో గెడ్డల, అంటే ఊళ్ళోంచి పారే ఏర్ల, గొడవ మళ్ళీ లేస్తుంది. గెడ్డ శుభ్రం చేసే పనిలో పక్క కాలనీల వాళ్ళు కూడా చెయ్యి వెయ్యాలని అధికారులు అంటున్నారు. పైనుంచి వచ్చే మురుగు ముందు ఆపండి, అప్పుడు మేమూ దిగుతాం అని బస్తీల వాళ్ళు అంటున్నారు. పైకి చూస్తే ఇది చెత్త గురించిన పేచీ. దీని మూలం చెత్తలో లేదు, 2012లో ఉంది.

1933లో హార్బర్ ఎలా వచ్చిందో, చుట్టూ ఫ్యాక్టరీలు ఎలా పెరిగాయో ఊళ్ళో అందరికీ తెలుసు. అందులో ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు. ఉప్పుటేరు బురదనేలను తవ్వి లోపలి హార్బర్ కట్టారు. మేఘాద్రిగెడ్డతో పాటు ఊరి మధ్య నుంచి పారే కొన్ని గెడ్డల నీళ్ళు చివరికి అక్కడికే చేరతాయి. పోటు వేళ సముద్రపు నీళ్ళు ఎదురు తోస్తాయి, గెడ్డ నీళ్ళు నిలిచిపోతాయి, తెచ్చిన మట్టి, చెత్త అక్కడే అడుగున కూర్చుంటాయి. అందుకే పూడికతీత ఒకసారి చేసి మర్చిపోయే పని కాదు. పక్కన ఉండేవాళ్ళు ఏడాది పొడుగునా కనిపెట్టుకుని ఉండాల్సిన పని.

ఇక 2012 సంగతి. గాజువాకను, చుట్టుపక్కల ఊళ్ళను కలిపి 2005లో జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) ఏర్పడింది. 2007లో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. మళ్ళీ ఓటు వేసింది 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్ళు ఈ నగరానికి మేయర్ లేరు, ఏ వార్డుకూ కార్పొరేటర్ లేరు. ప్రత్యేకాధికారుల పాలన. జనాభా మూడు లక్షలు, అంతకు మించి ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ చెబుతోంది. ఆ కమిటీలో వార్డు నుంచి గెలిచిన సభ్యుడు ఉండి తీరాలి. గెలిచినవాళ్ళే లేనప్పుడు కమిటీ ఎక్కడిది?

నగరం రూపు బాగా మారిన కాలం కూడా అదే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి కొండల మీద చెట్లను కూల్చేసింది. పట్టు తప్పిన మట్టి తర్వాతి వానలకు కిందికి దిగింది. గెడ్డలకు కాంక్రీటు గోడలు, యూజీడీ (భూగర్భ మురుగు) పైపులు అంటూ టెండర్లు నడిచాయి. గోడ ఎక్కడ లేవాలి, మెట్లు ఎక్కడ ఉంచాలి, ఏ మదుం (రోడ్డు కింద నీళ్ళు పోయే తూము) వెడల్పు చెయ్యాలి అని గెడ్డ ఒడ్డున ఉన్నవాళ్ళను అడగడానికి వార్డు నుంచి గెలిచిన మనిషే లేడు. గోడ లేచాక గెడ్డలోకి దిగే దారి కూడా పోయింది. ఉత్తరాంధ్రలో గెడ్డ అంటే ఏరు. ఈ నగరంలో పుట్టిన పిల్లలకు గెడ్డ అంటే పెద్ద మురుక్కాలువ.

ఇక్కడి జనానికి కలిసి పనిచెయ్యడం రాదని అనుకుంటే పొరపాటు. 1988లో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ ఓడీఏ సాయంతో ఇక్కడ మురికివాడల అభివృద్ధి ప్రాజెక్టు మొదలైంది. రోడ్లు, కాలువలు, కమ్యూనిటీ హాళ్ళు కట్టారు, వాటితో పాటు పేటపేటకూ కమిటీలు కూడా పెట్టారు. ప్రాజెక్టు ముగిశాక హాళ్ళు మిగిలాయి, కమిటీలను నిలబెట్టినవాళ్ళు లేరు. నగరంలో డ్వాక్రా సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని పిలిచేది ఎక్కువగా ర్యాలీలకే.

అధికారుల మాటలోనూ నిజం ఉంది. పరుపులు, థర్మోకోల్, కొబ్బరి బోండాలు గెడ్డలో పడేస్తున్నది మనుషులే. ఇంటింటి చెత్త సేకరణ బాగుపడింది, 2017 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో విశాఖకు దేశంలో మూడో ర్యాంకు వచ్చింది. 2019లో వార్డు సచివాలయాలు కూడా వచ్చాయి. అయితే సచివాలయంలో కూర్చునేది ప్రభుత్వ సిబ్బంది. అక్కడ ఫిర్యాదు ఇవ్వొచ్చు, నిర్ణయంలో కూర్చోలేం. 2021లో 98 వార్డులకు కార్పొరేటర్లు వచ్చేసరికి గెడ్డ జనం చేతి నుంచి జారిపోయి చాలా ఏళ్ళయింది.

నేను కళ్ళారా చూసినది ఒకటి చెబుతాను. ఒక మదుం దగ్గర కుర్రాళ్ళు పాత చేపల వలను రెండు వెదురు గెడలకు బిగించి గెడ్డకు అడ్డంగా కట్టారు. ప్లాస్టిక్ అంతా దానికి పట్టేది, ఆదివారం పూట గోనెసంచుల్లోకి ఎత్తేవారు. పూడిక తియ్యడానికి వచ్చిన పొక్లెయిన్ ఆ వలను మట్టితో పాటు పెకలించేసింది. ఎవరినీ అడగలేదు. తీసిన పూడికను ఒడ్డునే కుప్ప పోసి వెళ్ళారు. నాలుగో రోజు వానకు సగం కుప్ప మళ్ళీ గెడ్డలోకి జారింది. కుర్రాళ్ళు రెండోసారి వల కట్టలేదు.

వాన లేని నెలల్లోనూ గెడ్డ నిండుగా పారుతోందంటే అవి కొండ నీళ్ళు కావు, ఇళ్ళ మురుగు. ఎస్టీపీకి (మురుగు శుద్ధి కేంద్రానికి) చేరాల్సిన నీళ్ళు దారిలోనే గెడ్డలో కలుస్తున్నాయి. అవి ఎక్కడ కలుస్తున్నాయో గెడ్డ పక్కన ఉండేవాళ్ళను అడిగితే చెబుతారు. అదే మదుం పక్కన ఇడ్లీలు అమ్మే పెద్దావిడ ఎదుటి గోడ వైపు చెయ్యి చూపించి చెప్పింది. "అదిగో ఆ పైపు బాబూ, పొద్దున్న ఆరింటికి తెల్ల నురగ మొదలవుద్ది, వాషింగ్ మిషన్లవి. దాని పక్కది రాత్రి పూటే వదుల్తారు. ఇటేపు మూడు, అటేపు నాలుగు. పోయినేడు ఐదే ఉండేవి." ఆ లెక్క రాసుకోవడానికి ఇప్పటిదాకా ఎవరైనా వచ్చారా అని అడిగాను. రాలేదంది.